పద్దెనిమిది అడుగుల గాబు

సాంత్-క్లోతిల్డ్,
20 ఫిబ్రవరి 1984

కొలోంబ్‌కి,

నీ వదిన ఫెర్నాండ్ రాస్తున్నది. మీ అన్నయ్య రోజేర్ పోయి ఏడాదిన్నర అయింది. ఈ ఏడాదిన్నరలో నీ దగ్గర్నించి వచ్చినవి రెండు క్రిస్మస్ కార్డులు, రెండింటి మీదా ఒకటే గొర్రెపిల్ల. ఇక మీదట నాతో ఫోన్లో మాట్లాడనని సమాధుల దగ్గర నువ్వే అన్నావు కాబట్టి ఈ ఉత్తరం. నా సంగతి వాళ్ల ద్వారా వీళ్ల ద్వారా వినేకంటే నా చేతిరాతలో చదువుకుంటే నీకు తిట్టుకోవడానికి బాగుంటుంది.

నేను స్విమ్మింగ్ పూల్ కొంటున్నాను. నేల తవ్వి కట్టేది కాదు, అంత దర్జా నాకు లేదు. నేల మీద నిలబెట్టే రేకు పూల్. ఈ ఊళ్లో ప్రతి మూడో ఇంటి వెనకా ఉంటుందే, అది.

శనివారం హాకీ స్టేడియంలో మంచు మీద చెక్కలు పరిచి పూల్‌ల సంత పెట్టారు. బయట ఊపిరి గడ్డకట్టే చలి, లోపల ప్లాస్టిక్ తాటిచెట్లు. కుటుంబాలకి కుటుంబాలు కోట్లు విప్పకుండానే ఖాళీ రేకు పూల్‌ల్లోకి తొంగి చూస్తున్నారు. అమ్మేవాడు ఒకడు, నా చిన్నప్పటి బూట్లంత వయసు లేదు వాడికి, "మీవారు కారు పెట్టి వస్తున్నారా అమ్మా?" అన్నాడు. మావారు పోయారన్నాను. ఎంత సేపట్లో వస్తారన్నాడు. చెవులు కూడా ప్లాస్టిక్‌వే కాబోలు.

"మనవలు ఎంతమంది?"

"ఒక్కళ్లూ లేరు."

"మరి ఈత ఎవరికి?"

నాకు అన్నాను. అరవై ఒక్క ఏళ్లు అన్నాను, అడక్కపోయినా. వాడు నా నడుము వంక చూసి, గట్టి నిచ్చెన ఉన్న మోడల్ దగ్గరికి నడిపించాడు.

మీ అన్నయ్య కూడా నన్ను ఏటా ఈ సంతకి తీసుకొచ్చేవాడు. అక్కడ కాఫీ ఊరికే పోస్తారు. కాఫీ తాగి, రేకు మీద వేలితో కొట్టి చూసి, "వచ్చే ఏడు చూద్దాంలే" అనేవాడు. నా బిస్కెట్ల డబ్బాలో పదిహేడు ఏళ్ల కరపత్రాలు ఉన్నాయి. పద్దెనిమిదోది ఈసారి నేనే ఒక్కదాన్నే వెళ్లి తెచ్చుకున్నాను.

ఫెర్నాండ్

*

మటాన్,
2 మార్చి 1984

వదినా,

గాబు కొంటున్నావన్నమాట. పూల్ అని ఎందుకులే పెద్ద పెద్ద మాటలు. గొడ్లకి నీళ్లు పెట్టే గాబుకి నిచ్చెన వేసి అమ్ముతున్నారు, నువ్వు కొంటున్నావు.

మా మటాన్‌లో నదికి అవతలి గట్టు కనపడదు, సముద్రమే అనుకో. యాభై ఎనిమిదేళ్లుగా దాని గట్టున బతుకుతున్నాను, మోకాలి పైకి ఏనాడూ తడుపుకోలేదు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్ఫై ఏళ్లు కూర్చుని ఊరందరి రహస్యాలూ విన్నాను గానీ, అరవై దాటిన ఆడది ఈత దుస్తులు కొనుక్కోవడం మాత్రం ఎక్కడా వినలేదు. ఆ దుస్తుల్లో నిన్ను చూసి మీ పక్కింటి తిబొదో వాళ్ల కుక్క కూడా మొహం తిప్పుకుంటుంది.

మా అన్నయ్య మిల్లులో దారం నూగు పీల్చి పీల్చి సంపాదించిన ఇల్లు అది. ఆ మిల్లు నుంచి వచ్చి, అన్నం తిని, చీకటి పడేదాకా తోటలో ఉండేవాడు. గాబుల్లో కూర్చునే తీరిక ఆయనకి ఏదీ?

నీ సరదాలు నీ ఇష్టం. కానీ ఒక్కటి గుర్తుంచుకో. శవపేటిక ఇంకా గోతిలో దించకముందే, ఫాదర్ గారి ఎదురుగా, నా చెయ్యి పట్టుకుని నువ్వు మాట ఇచ్చావు. తోట జోలికి పోనన్నావు. ఆ టొమాటో మళ్లు కదపనన్నావు. జామ్‌కి పుల్లటి కాడలు కోసుకునే ఆ రూబార్బ్ దుబ్బు మా అమ్మ పెరట్లోది, మీ పెళ్లికి నేను గోనెలో చుట్టి పంపింది, దాన్ని ముట్టనన్నావు. మా అన్నయ్య ఆ మట్టిలోనే పడి ప్రాణం వదిలాడు. దాని మీద నీ గాబు పెట్టావని తెలిస్తే నేను అక్కడికి వచ్చి కూరగాయల కత్తితో దాని పొట్ట చీలుస్తాను.

కొలోంబ్

*

సాంత్-క్లోతిల్డ్,
14 మార్చి

కొలోంబ్‌కి,

కత్తి నీ దగ్గరే ఉంచుకో. ఇచ్చిన మాట నాకు గుర్తుంది. నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు, నేను నీది పట్టుకోలేదు. నీ గోళ్ల గుర్తులు వారం రోజులు ఉన్నాయి.

ఈ ఉత్తరంతో పెరడు బొమ్మ గీసి పంపుతున్నాను. మా పెరడు నీకు తెలుసు, అంతా ఏటవాలు. చదునుగా ఉన్నవి రెండే చోట్లు. ఒకటి తోట, దాన్ని వదిలేశాను. రెండోది తోటకి ఉత్తరాన, పనిముట్ల కొట్టుకీ మేపుల్ చెట్టుకీ మధ్య. బొమ్మలో సున్నా చుట్టింది అక్కడే.

నిన్న మంచులో దిగి కొలిచాను. బట్టలారేసే తాడు తీసుకుని, చీపురుకట్ట మధ్యలో పాతి, చుట్టూ తిరిగాను. నడుం లోతు మంచు. పద్దెనిమిది అడుగుల గుండ్రం చక్కగా సరిపోయింది. గుండ్రమే తీసుకుంటాను. కోడిగుడ్డు ఆకారంలో ఉన్నవాటికి రెండు పక్కలా ఇనప ఊతలు పెట్టాలట, చంకల్లో కర్రలు పెట్టుకుని నిలబడ్డ కుంటివాడిలా ఉంటాయి. అలాంటిది నాకొద్దు.

రేకు ఏ రంగుదో ఇంకా తేల్చుకోలేదు. చెక్క బొమ్మ అచ్చేసిన రేకు ఒకటి ఉంది. చెక్కలాగానూ ఉండదు, రేకులాగానూ ఉండదు. తిబొదో వాళ్లది అదే, ఆవిడ దాన్ని చూపించి "మా విల్లా" అంటుంది. ఆ విల్లాలో ఈత కొట్టినవాణ్ని నేను చూడలేదు. మొగుడూ బావమరుదులూ బొడ్డు లోతున నిలబడి బీరు తాగుతారు, తాగింది అందులోనే వదుల్తారు. ఆగస్టు కల్లా నీళ్లు బఠాణీ సూపులా పచ్చబడతాయి.

ఫెర్నాండ్

*

మటాన్,
25 మార్చి

వదినా,

మంచు మీద కొలిచావా? ముప్ఫై మూడేళ్లు చూశాను కాబట్టి నమ్ముతున్నాను. ఇంకెవరైనా చెబితే ఇంత బుద్ధితక్కువ మనిషి ఉండదని వాదించేదాన్ని. నడుం లోతు మంచు కింద రాయి ఉందో రప్ప ఉందో తెలుసా నీకు? పెళ్లైన కొత్తలో టర్కీ కోడిని, దాని కడుపులో పెట్టి అమ్మే కాగితం సంచీ తియ్యకుండానే కాల్చి పెట్టావు, మా నాన్న పంటికి కాగితం తగిలింది. ఆ రోజే మా అమ్మ నా చెవిలో అంది, పాపం రోజేర్, అని.

ఇంతవరకు రాసి ఆగి, నీ బొమ్మ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చూశాను. కొట్టుకీ మేపుల్‌కీ మధ్యనన్నావు కదూ?

సరే. చోటు బాగుంది వదినా. నిజం చెప్పాలంటే దివ్యంగా ఉంది. తోటకి ఏ ఇబ్బందీ లేదు, నీడా ఉంటుంది. మళ్లీ మార్చుకోకు. పద్దెనిమిది అడుగులు నీకేం సరిపోతాయి, ఇరవై నాలుగు తీసుకో. నిండా నింపించుకో. ఇన్నేళ్లు ఆగినదానివి పిసినారితనం దేనికి?

కొలోంబ్

*

సాంత్-క్లోతిల్డ్,
27 ఏప్రిల్

కొలోంబ్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను చేసిన పని ఒకటి బాగుందని నువ్వు అనడం పెళ్లైన నాటినుంచి ఇదే మొదలు. బాగుందనడమే కాదు, దివ్యంగా ఉందన్నావు. ఒంట్లో బాగానే ఉందా? డాక్టరుకి చూపించుకో.

ఇరవై నాలుగు అడుగులు వద్దులే. పద్దెనిమిదిదే ఖాయం చేశాను. ఉక్కు రేకు, తెల్ల రంగు, ఏ బొమ్మా లేనిది. అమ్మేవాడికి ఇది అవమానంలా అనిపించింది. "పువ్వులవి తీసుకోండమ్మా, ఆడవాళ్లు అవే తీసుకుంటారు" అన్నాడు. పువ్వులు కావాలంటే పూలకొట్టుకి వెళ్తానన్నాను. లోపల పరిచే ప్లాస్టిక్ మాత్రం మందంది తీసుకున్నాను, దిగుడు నిచ్చెన ఒకటి, నీళ్లు వడగట్టే మోటారు ఒకటి. నింపితే నీళ్లే ఇరవై అయిదు టన్నులట. ట్రక్కుల్లో తెచ్చి పోస్తారు. చలికాలం ముందు నీళ్లు పూర్తిగా తీసెయ్యకూడదని వాడు నాకు పాఠం చెప్పబోయాడు. ఆ ముక్క ఈ దేశంలో నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు, ఒక్క తిబొదో మొగుడికి తప్ప. నిరుడు అక్టోబరులో ఆయన మొత్తం తోడేశాడు, మార్చి గాలికి వాళ్ల విల్లా తొక్కిన బీరు డబ్బాలా అయింది. ఇప్పుడు కొత్తది కొన్నారు, మళ్లీ చెక్క బొమ్మదే.

మంచు కరిగింది. నువ్వు భయపెట్టినట్టు ఆ చోట రాయీ లేదు, రప్పా లేదు, అంతా గడ్డే. మిగతా పెరడంతా ఇంకా గోధుమరంగులో ఉంటే అక్కడ మాత్రం గడ్డి అప్పుడే పచ్చబడింది. మంచి నేల అయి ఉంటుంది.

పనివాళ్లు జూన్ ఇరవై రెండున వస్తారు. మీ అన్నయ్య ఉన్నన్నాళ్లూ ఈ ఇంటికి ఏ పనివాడు వచ్చినా ఆయన మిల్లులోనే ఉండేవాడు, తలుపు తీసింది నేనే. ఇప్పుడూ అంతే.

ఫెర్నాండ్

*

మటాన్,
8 మే

వదినా,

గడ్డి ముందుగా పచ్చబడిందా? భలే. నీ కోసం నేలే ముచ్చటపడుతోందన్నమాట. జూన్ ఇరవై రెండు నా క్యాలెండర్లో ఎర్రటి పెన్సిల్‌తో చుట్టాను. నీళ్లు నింపిన రోజునే దిగు, ఆలస్యం చెయ్యకు. ముందు మధ్యలోకి వెళ్లి నిలబడు.

ఎలాగూ రాస్తున్నాను కాబట్టి కడుపులో ఉన్నది కూడా రాసేస్తాను. నిన్ను చూస్తే నాకు జాలి కూడా వెయ్యదు. మా అన్నయ్య ఆగస్టు ఎండలో, టొమాటోల మధ్య, రెండు గంటలు పడి ఉన్నాడు. డాక్టరే చెప్పాడు రెండు గంటలని. నీ వంటింటి కిటికీ ఆ తోట మీదికే ఉంది. తల ఎత్తితే చాలు, కనపడేవాడు. రెండు గంటలసేపు ఒక్కసారి కూడా తల ఎత్తని పెళ్లానికి, అదే కిటికీలోంచి చూసుకోవడానికి నీలం నీళ్లు కావాలట. చలికాలానికని సీసాల్లో ఏం నింపుతున్నావు వదినా ఆ రోజు, అంత కొంపలు మునిగే పని?

కొలోంబ్

*

సాంత్-క్లోతిల్డ్,
20 మే

కొలోంబ్,

బీట్‌రూట్. బీట్‌రూట్ నింపుతున్నాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఫాదర్ గారికి కూడా చెప్పలేదు. ఆయనకి చెబితే క్షమించేస్తాడు, ఆయన క్షమాపణ నాకు అక్కర్లేదు.

ఆ రోజు మిల్లుకి సెలవు, పొద్దున కాఫీ దగ్గర మేమిద్దరం పోట్లాడుకున్నాం. బిస్కెట్ల డబ్బాలోంచి ఆ ఏటి కరపత్రం తీసి అతని పళ్లెం పక్కన పెట్టాను. అందులో పద్దెనిమిది అడుగుల తెల్లది ఉంది. అతను దాని వంక చూడనైనా చూడలేదు. కప్పు తీసి దాని మీద పెట్టాడు. గుండ్రంగా కాఫీ మరక పడింది. "వచ్చే ఏడు చూద్దాంలే ఫెర్నాండ్" అన్నాడు. ఆ మాట అంతకు ముందు పదహారుసార్లు విన్నాను, ఆ రోజు వినలేకపోయాను. "పో, పోయి నీ టొమాటోలతోనే కాపురం చెయ్" అన్నాను. అతనితో నేను అన్న ఆఖరి మాట అది.

అతను వెళ్లాడు. నేను నా కుర్చీని కిటికీకి వీపు పెట్టి తిప్పుకున్నాను. కావాలనే తిప్పుకున్నాను, ఆ మొహం కనపడకూడదని. రెండు గంటలు అలా కూర్చుని, మీ అన్నయ్య పండించిన బీట్‌రూట్‌ని మీ అన్నయ్యని తిట్టుకుంటూ సీసాల్లో కుక్కాను. లోపలికి రాకపోతే అలిగాడనుకున్నాను. అలగనీ అనుకున్నాను.

ఇప్పుడు ఆ తోట ఎలా ఉందో తెలుసా నీకు? ఒక్కసారైనా వచ్చి చూశావా? కలుపు నా భుజాల దాకా వచ్చింది. అందులో అతను పడినచోట మొక్కలు వంగిన గుర్తు ఎప్పుడో పోయింది, నాకు మాత్రం కనిపిస్తుంది. రోజూ పొద్దున్నే ఆ కిటికీ ముందు నిలబడి కాఫీ పెట్టుకోవాలి. ఆ కిటికీలోంచి నాకు ఇంకేదైనా కనపడాలి. అందుకే ఈ గాబు. తోట పక్కన పెడితే ఓ మూల నుంచి కాస్త నీలంగా కనపడుతుంది, అదీ లేనిదానికంటే నయం.

చదువుకున్నావుగా. ఇక ఎర్ర పెన్సిల్ తీసుకో.

ఫెర్నాండ్

*

మటాన్,
14 జూన్, ఎక్స్‌ప్రెస్ పోస్టు

వదినా,

ఈ ఉత్తరం ఇరవై రెండులోపు చేరాలి. పోస్టాఫీసు అమ్మాయిని మూడుసార్లు అడిగాను, చేరుతుందంది. చేరకపోతే వాళ్ల తలుపు ముందే కూర్చుంటాను.

కొట్టుకీ మేపుల్‌కీ మధ్య పెట్టొద్దు. నువ్వు సున్నా చుట్టినచోట నేల కింద సెప్టిక్ ట్యాంకు ఉంది. 1958లో మా అన్నయ్యా, మా చిన్నాన్న కొడుకులూ తవ్వారు, అప్పుడు నేను అక్కడే ఉన్నాను. నువ్వు ఆ వారం మీ అమ్మ దగ్గరికి వెళ్లావు. పైన వేసిన మూత కూడా కాంక్రీటు కాదు, రైలు పట్టాల కింద వాడిన పాత దుంగలు. ఇరవై ఆరేళ్లకి అవి ఏమై ఉంటాయో తెలీదు. ఇరవై అయిదు టన్నుల నీళ్లు వాటి మీద పెడితే గాబూ నువ్వూ కలిసి ఆ కంపులోకి దిగిపోతారు.

నీ బొమ్మ చూసినప్పుడే నాకు తెలుసు. మార్చి నుంచీ తెలుసు. తెలిసే దివ్యంగా ఉందని రాశాను. నీ గాబు కుంగి, ఊరంతా వచ్చి చూసి నవ్వితే, తిబొదో పెళ్లాం ముక్కు మూసుకుని నిలబడితే, అది తల్చుకుని రెండు నెలలు సంతోషంగా ఉన్నాను. మధ్యలోకి వెళ్లి నిలబడమని కూడా రాశాను. ఏం రాస్తున్నానో తెలిసే రాశాను.

నీ మే నెల ఉత్తరం వచ్చాక ఫోను తీసి నీ నంబరు తిప్పాను. నువ్వు "హలో" అనడం విని పెట్టేశాను. నాలుగుసార్లు చేశాను.

బీట్‌రూట్ సంగతి. మా అన్నయ్య మా అమ్మతో కూడా అంతే. మా అమ్మ ఒక చిన్న రేడియో అడిగింది, వచ్చే ఏడు అన్నాడు, ఆవిడ ఆ ఏడు ఉండలేదు. నేను ఆ మాట ఎవరితోనూ అనలేదు.

పెరట్లో చదునైనది ఇంక ఒక్క తోటే. అక్కడే పెట్టుకో. నువ్వు ఇచ్చిన మాట నీకు తిరిగి ఇచ్చేస్తున్నాను. ఫాదర్ గారికి నేనే రాస్తాను. ఇది రాయడానికి నాకు ఎంత కష్టమైందో నీకు తెలియాల్సిన అవసరం లేదు.

కొలోంబ్

*

సాంత్-క్లోతిల్డ్,
19 జూన్

కొలోంబ్‌కి,

నాకు తెలుసు.

ఆ ట్యాంకుని రెండేళ్లకోసారి ఖాళీ చేయించాలి. ఖాళీ చేసే మనిషి వచ్చిన ప్రతిసారీ మీ అన్నయ్య మిల్లులో ఉన్నాడు. పార పట్టుకుని మూత ఎక్కడుందో తవ్వి చూపించింది ఎవరనుకున్నావు? పన్నెండుసార్లు తవ్వాను. ఆ దుంగలు ఎన్ని, వాటిలో ఏది పుచ్చింది, అన్నీ నాకు తెలుసు. ట్యాంకు మీద మంచు ముందు కరుగుతుంది, గడ్డి ముందు పచ్చబడుతుంది. అది కూడా నీకు రాశాను. చదివి నువ్వు పకపకా నవ్వి ఉంటావు.

మంచు మీద నేను ఏమీ కొలవలేదు. చీపురుకట్ట వంటింట్లోనే ఉంది. ఆ బొమ్మ టేబుల్ దగ్గర కూర్చుని టీ తాగుతూ గీశాను.

నాకు కావలసింది తోట చోటు. దానికి నేను మాట ఇచ్చి ఉన్నాను. ఇచ్చిన మాట తప్పే మనిషిని కాను, నిన్ను బతిమాలే మనిషిని అంతకంటే కాను. అడిగితే ఇచ్చేదానివా? ఇవ్వకపోగా ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని మటాన్ అంతా చదివి వినిపించేదానివి. కాబట్టి నీ చేతే అనిపించాలి. ముప్ఫై మూడేళ్లుగా నన్ను బుద్ధితక్కువదాన్ని అనుకుంటున్నావు. మంచు మీద కొలిచానంటే నమ్ముతావని నాకు తెలుసు. నీ వెక్కిరింత జీవితంలో ఒక్కసారి నాకు పనికొచ్చింది.

నువ్వు చెప్పకపోయి ఉంటే ఇరవై ఒకటిన పనివాళ్లకి ఫోన్ చేసి రావద్దనేదాన్ని. గాబూ ఉండేది కాదు, నీకు ఇంకో ఉత్తరమూ ఉండేది కాదు. ఆ కలుపుని చూస్తూనే పోయేదాన్ని. మే నెల ఉత్తరం మాత్రం ఈ ఎత్తులో భాగం కాదు. అది నువ్వు నా చేత రాయించావు. అది పోస్టులో వేశాక నువ్వు చెబుతావని ఎదురు చూశాను. నెల రోజులు నిద్ర లేదు. ఇరవై అయిదో రోజున రాశావు. ఫోన్లో నీ ఊపిరి నాలుగుసార్లు విన్నాను. ఎక్స్చేంజిలో ముప్ఫై ఏళ్లు చేసినదానివి, ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా నేర్చుకోలేదు.

మీ అమ్మ రూబార్బ్ దుబ్బు ఇవాళ తవ్వాను. నడుం విరిగింది. వేళ్లకి మట్టి ఉంచి, తడి గోనెలో చుట్టి రేపటి బస్సుకి వేస్తున్నాను. గోనె నువ్వు మా పెళ్లికి పంపినదే.

ఫెర్నాండ్

*

మటాన్,
6 జులై

శ్రీమతి ఫెర్నాండ్ గారికి,

తమరి దుబ్బు అందింది. బస్సు డ్రైవరు దాని మీద కాళ్లు పెట్టుకుని వచ్చినట్టున్నాడు, సగం కాడలు నలిగాయి. ఇంటి వెనక గాలి తగలనిచోట నాటాను. బతికేట్టే ఉంది.

తమరి ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. అంతకు ముందు రాత్రీ పగలూ కుమిలిపోయి, ఒక మనిషిని చంపబోయానని ఫాదర్ గారి దగ్గర మోకరిల్లి వచ్చాను. తమరేమో టీ తాగుతూ బొమ్మ గీశారట. బుద్ధితక్కువదానివన్నందుకు క్షమించమని అడగను. తెలివైనదానివని తెలిశాక నువ్వు నాకు ఇంకా తక్కువ నచ్చుతున్నావు.

ఈ నెలాఖరున ఇళ్లు కట్టే పనివాళ్లందరికీ ఒకేసారి ఇచ్చే సెలవులు మొదలయ్యాయంటే బస్సుల్లో చోటు దొరకదు. అయినా ఈ నెల ఆఖరి శనివారానికి టికెట్ తీసుకున్నాను. ఈత దుస్తులు కూడా కొన్నాను, నల్లవి. కొట్లో అమ్మాయి నవ్వు ఆపుకోలేక వెనక గదిలోకి వెళ్లింది. దానికి నేను టిప్పు ఇవ్వలేదు.

వచ్చేలోపు ఒక్క సంగతి రాయి. ఆ తోట ఉన్నచోట నిలబడితే ఎదురుగా ఏం కనపడుతుంది? మా అన్నయ్య ఎటు తిరిగి పడ్డాడో నేను నిన్ను ఏనాడూ అడగలేదు. ఆఖరున ఏం చూశాడో నాకు తెలియాలి.

కొలోంబ్

*

సాంత్-క్లోతిల్డ్,
16 జులై

కొలోంబ్‌కి,

గాబు నిండింది. మూడు ట్రక్కులు పట్టింది. పనివాళ్లు పెట్టిన నిచ్చెన వంకరగా ఉంది, వెధవలు, మళ్లీ పిలిపించి సరిచేయించాను. తిబొదో పెళ్లాం కంచె మీంచి చూసి, "తెలుపా? ఆసుపత్రిలా లేదూ?" అంది. అవును, మీ ఆయన బీరు తాగి దీంట్లోకి రాకుండా అన్నాను.

నిన్న మొదటిసారి దిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి, అరిచాను, కుక్క మొరిగింది, మొహం మాత్రం తిప్పుకోలేదు. పాదాలు నేలని తాకినచోట ఒకప్పుడు మూడో టొమాటో వరస ఉండేది. అక్కడ నిలబడి నువ్వు అడిగింది చూశాను.

అక్కణ్నించి కనపడేది మా వంటింటి కిటికీ. ఇంకేదీ కాదు. పొయ్యి, దాని ముందు నా చోటు, టేబుల్, నా కుర్చీ, అన్నీ దగ్గరగా, స్పష్టంగా కనపడతాయి. ఇన్నేళ్లు లోపల ఉండి నాకు తెలియలేదు. సాయంత్రాలు తోటలో ఉన్నంతసేపూ తల ఎత్తితే నేనే కనపడేదాన్ని అతనికి. టొమాటోల కోసమే అక్కడ ఉండేవాడో, అందుకు కూడానో, నాకు తెలీదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

అతను పడింది ఇంటివైపు తిరిగే. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ రోజు అతనికి కనపడింది నా వీపు.

 ఇది రాసి ఏడ్చాను, నీకు చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ శనివారం బస్టాండుకి వస్తాను. తువ్వాలు నీది నువ్వే తెచ్చుకో, మా ఇంట్లో ఉన్నవి నీ చేతికి ఇవ్వను. దిగేముందు స్నానం చేసి దిగాలి. నువ్వు నీళ్లలో ఉన్నంతసేపూ నేను లోపల బీట్‌రూట్ పనిలో ఉంటాను, ఈ ఏడు కూరగాయల సంతలో కొన్నవి. కుర్చీ కిటికీవైపు తిప్పి పెట్టుకున్నాను. నీకు ఈత రాదు కదా, చూస్తూ ఉంటాను.

ఫెర్నాండ్